ఇంట్లో అందరికీ ఉన్న బ్యాక్టీరియా నాకే పుండు ఎందుకు చేసింది?

ఉత్తరం: “అక్కా, నమస్తే. మాది పలాస దగ్గర ఊరు. జీడి పిక్కలు ఒలిచే పనికి వెళ్తాను, వయసు 38. ఆరు నెలలుగా రాత్రి రెండింటికి కడుపులో మంటతో మెలకువ వచ్చేస్తోంది, ఏదైనా తింటే తగ్గుతోంది. శ్రీకాకుళంలో ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదట్లో పుండు ఉంది, హెచ్ పైలోరి అనే బ్యాక్టీరియా పాజిటివ్ అన్నారు. 14 రోజులకి మందులు రాశారు. నోరంతా చేదైపోయింది, విరేచనం నల్లగా వస్తోంది. భయమేసి ఆరో రోజున మానేశాను. మా ఆయనకీ మా అత్తకీ రక్తపరీక్ష చేయిస్తే వాళ్ళకీ పాజిటివే, కానీ వాళ్ళు రాళ్ళు తిన్నా అరిగించుకుంటున్నారు. ఒకే కుండలో అన్నం, ఒకే బోరు నీళ్ళు, మరి నాకే ఎందుకు? మా నాన్న కడుపు క్యాన్సర్‌తో పోయారు. నాకూ అదే రాసిపెట్టి ఉందా? ఫోన్‌లో చూస్తే క్యాగ్‌ఏ అనే ప్రోటీన్ ఉన్న రకమైతే ప్రమాదం అని ఉంది. ఆ టెస్టు చేయించుకోమంటారా?”

చెల్లీ, అన్నిటికంటే ముందు మందుల సంగతి. నేను కాలేజీలో మైక్రోబయాలజీ పాఠం చెప్పే మనిషిని, మందు రాసే డాక్టర్ని కాను, కాబట్టి ఏ మాత్ర ఎంత వేసుకోవాలో నేను చెప్పను. కానీ ఆరో రోజున ఆపేశానని నీ డాక్టర్‌కి దాచకుండా చెప్పి తీరాలి, అదీ ఈ వారంలోనే. తిడతారేమో అని ఆగిపోకు. మిగిలిపోయిన మాత్రలు బయటికి తీసి ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలుపెడదాం అని మాత్రం అసలు అనుకోకు. సగం కోర్సు తర్వాత బతికి మిగిలిన బ్యాక్టీరియాలో ఆ మందుకి లొంగనివి ఎక్కువగా ఉండే అవకాశం ఉంది, అలాంటప్పుడు అవే మందులు మళ్ళీ వేస్తే పని చెయ్యకపోవచ్చు, డాక్టర్ వేరే మందులు ఎంచుకోవలసి రావచ్చు. మన దేశంలో మెట్రోనిడజోల్, క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌లకి లొంగని హెచ్ పైలోరి ఇప్పటికే చాలా ఎక్కువ. విరేచనాలు పట్టుకున్నా, పన్ను నొప్పెట్టినా మెడికల్ షాపులో అడిగి మెట్రోనిడజోల్ కొనుక్కుని, రెండు రోజులు వేసుకుని మానేసే అలవాటు మన ఊళ్ళలో ఎంత ఉందో నీకూ తెలుసు.

ఇక నిన్ను భయపెట్టిన ఆ నలుపు. నీ చీటీలో బిస్మత్ అనే పేరు ఉందేమో చూడు. ఉంటే నూటికి తొంభైపాళ్ళు కారణం అదే. ఆ మందు పేగుల్లో ఉండే గంధకంతో కలిసి నల్లటి పదార్థంగా మారుతుంది, ఒక్కోసారి నాలుక కూడా నల్లబడుతుంది, మందు ఆపిన కొన్ని రోజులకి అదే పోతుంది. దాంతో ఏ ప్రమాదమూ లేదు. నోరు చేదు, ఇనుము నాకినట్టు ఉండడం మెట్రోనిడజోల్ వల్లా రావచ్చు, క్లారిత్రోమైసిన్ వల్లా రావచ్చు, అదీ కోర్సు అయ్యాక తగ్గిపోయేదే. ఇవన్నీ రాసిచ్చేటప్పుడే నీకు ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్పి ఉంటే నువ్వు మానేసేదానివే కాదు, అది తలుచుకుంటేనే నాకు బాధగా ఉంది.

కానీ పుండు నుంచి రక్తం కారినా విరేచనం నల్లగానే వస్తుంది, కాబట్టి తేడా తెలుసుకోవాలి. రక్తం వల్ల వచ్చే నలుపు తారులా జిగటగా, మెరుస్తూ, నీళ్ళు పోసినా తొందరగా వదలకుండా ఉంటుంది, దాని వాసన మామూలు వాసన కాదు, భరించలేనంత గబ్బు. దాంతోపాటు కళ్ళు తిరగడం, చెమటలు పట్టడం, గుండె దడ, లేచి నిలబడితే పడిపోతానేమో అనిపించడం, కాఫీ పొడి రంగులో గానీ ఎర్రగా గానీ వాంతి కావడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారాక చూద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. ఏ నలుపో నీకు తేల్చుకోవడం రాకపోతే రక్తమే అనుకుని వెళ్ళి చూపించుకో.

ఇప్పుడు, నాకే ఎందుకు అన్నావు కదా.

కడుపులో అంత ఆమ్లం ఉంటుంది కాబట్టి అందులో ఏ బ్యాక్టీరియా బతకదనీ, అల్సర్ అంటే కారం, టెన్షన్, ఎక్కువైన ఆమ్లం అనీ 1980ల మొదటి దాకా దాదాపు డాక్టర్లందరూ నమ్మారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు రోగుల కడుపు పొర నుంచి తీసిన ముక్కల్లో మెలితిరిగిన బ్యాక్టీరియాని చూశారు, దాన్ని ల్యాబ్‌లో పెంచుదామంటే ఎంతకీ పెరగలేదు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో మామూలు కంటే ఎక్కువ రోజులు ఉండిపోయాయి, వచ్చి చూస్తే పెరిగి ఉంది! అప్పటిదాకా తొందరపడి ముందే పారేసేవాళ్ళన్నమాట. అయినా ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగేశాడు, కొన్ని రోజులకే వాంతులు, కడుపు పొర వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు.

ఆ ఆమ్లంలో అది ఎలా బతుకుతుందంటే, యూరియేజ్ అనే ఎంజైమ్‌ని విపరీతంగా తయారు చేసుకుంటుంది. మన కడుపులో సహజంగా ఉండే యూరియాని ఆ ఎంజైమ్ అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది, ఆ అమ్మోనియా తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని చల్లారుస్తుంది, దగ్గర్లోని జిగురు పొరని కూడా పలచన చేస్తుంది. ఇక తోకల్లాంటి పోగులతో ఆ జిగురులోంచి ఈదుకుంటూ లోపలి కణాల దాకా వెళ్ళిపోతుంది. అక్కడ కొట్టుకుపోకుండా పట్టుకోవడానికి వేరే ప్రోటీన్లు ఉన్నాయి. బాబ్‌ఏ అనే ఒక ప్రోటీన్ మన కణాల మీద ఉండే, బ్లడ్ గ్రూపుతో సంబంధం ఉన్న ఒక చక్కెర అణువుని పట్టుకుంటుంది. ఓ గ్రూపు వాళ్ళకి చిన్నపేగు మొదట్లో పుండు కొంచెం ఎక్కువగా వస్తుందని ఈ బ్యాక్టీరియా సంగతి తెలియక ముందే డాక్టర్లు గమనించారు, ఈ పట్టు అందుకు ఒక కారణం కావచ్చు.

ఇంతవరకూ చెప్పింది అది బతకడానికి చేసుకునే ఏర్పాటు. ఇంకొకటి ఉంది, అదే నువ్వు ఫోన్‌లో చూసింది. కొన్ని రకాల హెచ్ పైలోరిలో సుమారు 40 వేల అక్షరాల పొడవున్న ఒక డిఎన్ఏ ముక్క అదనంగా ఉంటుంది, దానిలో 30 దాకా జన్యువులు. ఎప్పుడో వేరే బ్యాక్టీరియా నుంచి వచ్చి చేరిందని అంటారు. కొన్ని రకాల్లో అది ఉండదు. ఉన్నవి ఆ జన్యువులతో సూదిలాంటి ఒక యంత్రాన్ని కట్టుకుని, దాన్ని మన కడుపు కణానికి ఆనించి, క్యాగ్‌ఏ అనే ప్రోటీన్‌ని నేరుగా కణం లోపలికి ఎక్కించేస్తాయి. లోపలికి వెళ్ళిన క్యాగ్‌ఏకి మన కణంలోని ఎంజైములే ఫాస్ఫేట్‌ని తగిలిస్తాయి, దాంతో అది చురుకై ఎస్‌హెచ్‌పీ-2 అనే మన ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. ఆ ప్రోటీన్ పని కణం ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు కదలాలి అనే సందేశాలు మొయ్యడం. ఇంట్లోకి దూరిన మనిషి ఇంటి పెద్ద గొంతుతో పనులు పురమాయిస్తుంటే అందరూ నమ్మి చేసేస్తున్నట్టు ఉంటుంది అప్పుడు కణం పరిస్థితి. పక్క కణాలతో గట్టిగా కలిపి ఉంచే అతుకులు వదులైపోతాయి, కణం సన్నగా సాగిపోతుంది, పెరగకూడనప్పుడు పెరగమనే సందేశం అందుకుంటుంది. 2008లో జపాన్‌లో మసనోరి హతకెయామా బృందం బ్యాక్టీరియా ఏమీ లేకుండా ఒక్క క్యాగ్‌ఏ జన్యువుని ఎలుకల్లో పెడితే వాటిలో కొన్నిటికి కడుపులో కణితులు వచ్చాయి. ఒక బ్యాక్టీరియా ప్రోటీన్ ఒక్కటే జంతువులో క్యాన్సర్ తేగలదని అలా చూపించారు.

ఆ సూది ఉండడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. అది ఆనగానే మన కణాలు ప్రమాదం అని కేక పెట్టి ఇంటర్‌ల్యూకిన్-8 అనే సందేశాన్ని వదులుతాయి, తెల్ల రక్తకణాలు గుంపుగా వచ్చి పడతాయి, పొర వాచిపోతుంది. బ్యాక్టీరియా మాత్రం జిగురు పొరలో దాక్కుని ఉంటుంది కాబట్టి వాటికి చిక్కదు, ఏళ్ళ తరబడి ఆ యుద్ధంలో దెబ్బతినేది మన కణాలే. దీనికి తోడు వ్యాక్‌ఏ అనే విషం. దీని జన్యువు అన్ని హెచ్ పైలోరీల్లోనూ ఉంటుంది గానీ అందరిదీ ఒకే బలం కాదు, కొన్ని రకాల్లో ఘాటు, కొన్నిటిలో దాదాపు ఏమీ చెయ్యదు. ఘాటైనది కణంలోకి వెళ్ళి బుడగలు బుడగలుగా ఉబ్బేలా చేస్తుంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని దెబ్బతీస్తుంది, పైగా మనల్ని కాపాడాల్సిన టి కణాలు పెరగకుండా అడ్డుపడుతుంది.

నీకూ మీ ఆయనకీ ఒకే కుండ, ఒకే బోరు అన్నావు. చెల్లీ, ఈ బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నప్పుడే పడుతుంది, ఐదారేళ్ళ లోపే, అమ్మానాన్నల నుంచో తోడబుట్టినవాళ్ళ నుంచో. నోటిలో నమిలి పెట్టే ఎంగిలి ముద్దలు, వాంతులు, శుభ్రం లేని నీళ్ళు, కడగని చేతులు. అంటే నీ కడుపులో ఉన్నది బహుశా నీ పుట్టింటి నుంచి వచ్చింది, మీ ఆయనకి ఉన్నది మీ అత్తగారింటిది. పేరు ఒకటే అయినా రకం వేరు కావచ్చు. నీకు ఇది ఆ ఇంటి కుండలోంచి వచ్చి ఉండకపోవచ్చు, కాబట్టి అక్కడ కంచాలు వేరు చెయ్యడం, గ్లాసులు వేరు పెట్టడం ఎవరు చెప్పినా ఒప్పుకోకు.

రకం ఒక్కటే కాదు, అది కడుపులో ఎక్కడ మకాం పెట్టిందన్నది కూడా చాలా ముఖ్యం. కడుపు కింది భాగంలో వాపు ఎక్కువగా ఉంటే, ఆమ్లాన్ని పెంచే గ్యాస్ట్రిన్ అనే హార్మోన్ ఎక్కువవుతుంది, తగ్గించేది తగ్గిపోతుంది. ఆమ్లం పొంగి చిన్నపేగు మొదట్లోకి దిగి అక్కడ పుండు చేస్తుంది. ఖాళీ కడుపుతో అర్ధరాత్రి మంట, తింటే ఉపశమనం అని నువ్వు రాసింది సరిగ్గా దాని లక్షణం. అదే వాపు కడుపు మధ్య భాగం అంతా పాకితే ఆమ్లం తయారు చేసే కణాలే క్రమంగా చచ్చిపోతాయి, ఆమ్లం తగ్గిపోతుంది, పొర పలచబడుతుంది, క్యాన్సర్ వైపు వెళ్ళే దారి అది. ఎవరికి ఏ దారి అనేది బ్యాక్టీరియా రకం మీదా, మన జన్యువుల మీదా, పొగాకు, ఉప్పు లాంటి అలవాట్ల మీదా ఆధారపడుతుంది.

అందుకే నాన్నకి వచ్చింది నీకు రాసిపెట్టి ఉందా అన్నదానికి నా జవాబు లేదు అనే. 2001లో జపాన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. హెచ్ పైలోరి ఉన్న 1,246 మందిని సగటున దాదాపు ఎనిమిదేళ్ళు గమనిస్తే 36 మందికి కడుపు క్యాన్సర్ వచ్చింది, బ్యాక్టీరియా లేని 280 మందిలో ఒక్కరికీ రాలేదు. కానీ ఆ ఉన్నవాళ్ళలో నీలా చిన్నపేగు పుండు ఉన్నవాళ్ళు 275 మంది ఉన్నారు, వాళ్ళలో ఒక్కరికి కూడా రాలేదు. పూర్తిగా ముప్పు లేదని దీనర్థం కాదు, తక్కువ అని. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో పెట్టింది, నాన్నకి క్యాన్సర్ ఉన్న ఇంట్లో దీన్ని వదిలెయ్యడం మంచిది కాదు. భయపడి కూర్చోవడం వేరు, కోర్సు పూర్తి చేసి బ్యాక్టీరియాని లేకుండా చేసుకోవడం వేరు, నీ చేతిలో ఉన్నది రెండోది.

క్యాగ్‌ఏ టెస్టుకి డబ్బులు పెట్టకు. కోల్‌కతాలో పరిశోధకులు చూస్తే అల్సర్ ఉన్నవాళ్ళ నుంచి తీసిన వాటిలోనూ, లేనివాళ్ళ నుంచి తీసిన వాటిలోనూ అత్యధిక భాగం క్యాగ్‌ఏ ఉన్నవే. కాబట్టి మన దగ్గర పాజిటివ్ వచ్చినంత మాత్రాన నీకు కొత్తగా తెలిసేది ఏమీ లేదు, నెగెటివ్ వచ్చినా నీకు పుండు ఉంది కాబట్టి మందు తప్పదు. ఏది వచ్చినా వైద్యం ఒకటే. ఆ డబ్బు తర్వాత చెయ్యాల్సిన పరీక్షకి దాచుకో, దాని సంగతి కింద చెప్తాను.

నువ్వు ఉత్తరంలో రాయని విషయం ఒకటి అడుగుతాను. పొద్దస్తమానం కూర్చుని పిక్కలు ఒలిచే పని, నడుం, మెడ, భుజాలు లాగేస్తాయి. నొప్పికి మాత్రలు వేసుకుంటున్నావా? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్ లాంటివి, షాపులో విడిగా కత్తిరించి ఇచ్చేవి. ఇవి మన ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపుతాయి, నొప్పి తగ్గేది అందుకే. కానీ కడుపు పొర మీద జిగురు ఊరడానికీ, దానికి రక్తం అందడానికీ కావలసింది కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. హెచ్ పైలోరి, నొప్పి మాత్రలు, రెండూ ఉంటే పుండూ, రక్తస్రావం ముప్పూ ఒక్కొక్కటి ఉన్నప్పటి కంటే చాలా ఎక్కువ. ఇవే ప్రోస్టాగ్లాండిన్లు కిడ్నీకి రక్తం అందేలా కూడా చూస్తాయి, మనది ఉద్దానం పక్కన, కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలని ప్రాంతం, ఇక్కడ నొప్పి మాత్రలు పిప్పరమెంట్లలా మింగుతుంటే నాకు చాలా కోపం వస్తుంది. వేసుకుంటుంటే ఆపెయ్, నొప్పికి ఏం వాడాలో డాక్టర్నే అడుగు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష నువ్వు ఈ మధ్య చేయించుకోకపోతే ఇప్పుడు చేయించుకుని ఆ కాగితం తీసుకెళ్ళు, ఎందుకంటే కిడ్నీ బాగా దెబ్బతిని ఉంటే బిస్మత్, టెట్రాసైక్లిన్ లాంటివి ఇవ్వాలో వద్దో డాక్టర్ ఆలోచించుకోవాలి.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పచ్చిమిరపకాయ పుండు చెయ్యదు, ఉన్న పుండుని మండిస్తుంది, నీకు మంటగా ఉంటే ఈ కొన్ని వారాలు తగ్గించుకో. చోడంబలి, తరవాణి నీకు పడుతుంటే తాగు, కానీ అవి ఈ బ్యాక్టీరియాని చంపవు. ఉప్పుచేప, నిలవ ఉప్పు ఎక్కువగా ఉండే వాటిని మీ ఇంట్లో తగ్గించడం మంచిది, అతి ఉప్పుకీ కడుపు క్యాన్సర్‌కీ సంబంధం ఉంది. పొగాకు ఎవరు వాడినా, చుట్టైనా బీడీ అయినా, పుండు మానడం ఆలస్యమవుతుంది, మందు పనిచేసే అవకాశమూ తగ్గుతుంది. మెట్రోనిడజోల్ వాడుతున్న రోజుల్లో కల్లు, సారా చుక్క కూడా వద్దు, ఇది మీ ఆయనకి కోర్సు రాస్తే అప్పుడు గట్టిగా చెప్పు.

మీ ఆయనకీ అత్తకీ చేసిన రక్తపరీక్షలో చూసింది యాంటీబాడీలు, అంటే బ్యాక్టీరియాని ఎదుర్కోవడానికి మన ఒళ్ళు తయారు చేసుకునే ప్రోటీన్లు. బ్యాక్టీరియా పోయి నెలలు, ఏళ్ళు గడిచినా అవి రక్తంలో ఉండిపోతాయి, కాబట్టి ఆ పాజిటివ్ వల్ల ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఏ బాధా లేదు కాబట్టి కంగారు పడక్కర్లేదు, కడుపులో బాధ మొదలైతే గానీ, గుండె కోసం ఆస్పిరిన్ లాంటివి రోజూ వాడాల్సి వస్తే గానీ అప్పుడు డాక్టర్ని అడిగి మల పరీక్షో శ్వాస పరీక్షో చేయించుకోవచ్చు. నీ పిల్లలకి ఏ బాధా లేకపోతే వాళ్ళకి పరీక్షలు చేయించకు. కానీ నీ తోడబుట్టినవాళ్ళ సంగతి వేరు. మీ నాన్నకి కడుపు క్యాన్సర్ కాబట్టి మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ బాధ లేకపోయినా హెచ్ పైలోరి పరీక్ష చేయించుకుని, ఉంటే మందు వాడడం మంచిది. ఈ మాట వాళ్ళకి ఫోన్ చేసి చెప్పు.

ఇక నువ్వు డబ్బు దాచుకోవాల్సిన పరీక్ష. ఈసారి కోర్సు మొత్తం అయ్యాక, కనీసం నాలుగు వారాలు ఆగి, బ్యాక్టీరియా పోయిందో లేదో చూపించుకోవాలి. మంట తగ్గింది కదా అని వదిలెయ్యకు, గ్యాస్ మాత్రల వల్ల కూడా మంట తగ్గుతుంది. రక్తపరీక్ష దీనికి పనికిరాదు. గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగించి, ఊదిన గాలిని పట్టి చూసే శ్వాస పరీక్ష గానీ, మలంలో యాంటిజెన్, అంటే బ్యాక్టీరియా ప్రోటీన్, ఉందేమో చూసే పరీక్ష గానీ చెయ్యాలి. ఊపిరి పరీక్షలో చూసేది పైన చెప్పిన యూరియేజ్ పనినే, ఆ ఎంజైమ్ యూరియాని విడగొడితే ఆ గుర్తు పెట్టిన కార్బన్ మన ఊపిరిలోకి వస్తుంది, బ్యాక్టీరియా లేకపోతే రాదు. శ్రీకాకుళంలో దొరక్కపోతే విశాఖలో అడుగు, మల పరీక్ష అయితే చాలా ల్యాబ్‌లు శాంపిల్ తీసుకుని పంపిస్తాయి. పరీక్షకి ముందు రెండు వారాలు గ్యాస్ మాత్రలు, అంటే పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి, ఆపాలి, డాక్టర్‌తో చెప్పి ఆపాలి, లేదంటే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టు చూపించవచ్చు. యాంటీబయాటిక్‌లూ బిస్మత్ అయితే నాలుగు వారాలు.

వెళ్ళేటప్పుడు పాత చీటీ, ఎండోస్కోపీ రిపోర్టు, మిగిలిన మాత్రల స్ట్రిప్పులు, క్రియాటినిన్ కాగితం, ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు కూడా సంచిలో వేసుకుని వెళ్ళు, అన్నీ బల్ల మీద పెట్టి చూపించు. కొత్త కోర్సు రాశాక ఏది తినక ముందు, ఏది తిన్నాక, ఏది నలుపు చేస్తుంది, ఏది నోరు చేదు చేస్తుంది అని అక్కడే అడిగి చీటీ వెనక తెలుగులో రాయించుకో.